రంగు నీటిని ఊక బొగ్గుతో తేర్చుట – రైతులు ఎరుగవలసిన విషయములు



మన తెలుగు సీమలో అనేక గ్రామములయందు సేద్యమును, నేతయు ప్రక్కప్రక్కనే సాగుచున్నవి. పోచంపల్లి, పుట్టపాక, గద్వాల, చీరాల, మంగళగిరి, వెంకటగిరి, ధర్మవరము మున్నగు చోట్ల ఒకే వీధిలో మగ్గపు ఇల్లును, కాపు ఇల్లును ఉండును. ఒకే కుటుంబములో అన్న మగ్గము నేయుచుండగా తమ్ముడు పొలము చూచుకొనుటయు కలదు. కావున నూలు అద్దిన తొట్టినుండి పారబోసిన నీరు కాలువలో పడి, చెరువులో చేరి, బావిలోనికి ఊరినచో ఆ నష్టము రైతును తప్పక తాకును.

ఈ రంగు నీటిని తేర్చుటకు ఖరీదైన యంత్రములే అక్కరలేదు. మీ కళ్లములోను, మిల్లువద్దను వృథాగా పడియుండు ఊక, వేరుశనగ పొట్టు, కొబ్బరి పీచు పొట్టు, మునగ గింజలు చాలవరకు ఉపకరించును. అయితే ఇవి చేయగల పని యొకటి, చేయజాలని పని యొకటి కలవు. ఈ రెంటిని వేరుగా తెలిసికొనని యెడల తేటపడిన నీటినే నమ్మి పొలము చెడగొట్టుకొందుము. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ భేదమును తెలుపుటకే వ్రాయబడినది.

రంగు నీటిలో ఏమేమి ఉండును?

నూలును అద్దునపుడు తొట్టిలో వేసిన రంగంతయు నూలునకు పట్టదు. నేడు నూలు బట్టలకు విరివిగా వాడు రియాక్టివు రంగులలో పది పాళ్లకు ఒక పాలు మొదలు నాలుగైదు పాళ్ల వరకు పట్టక, నీటిలోనే మిగిలిపోవుట కలదు. కొన్ని రంగులు పది లక్షల పాళ్ల నీటిలో ఒక పాలు కలిసినను కంటికి కనబడును. రంగు కమ్మిన చెరువులో సూర్యరశ్మి లోపలికి దిగదు. నీటి మొక్కలు ప్రాణవాయువును తగినంత విడువజాలవు. అందుచే చేపలకు హాని కలుగును. కొన్ని అజో రంగులు చీలి, ఆరోగ్యమునకు మిక్కిలి కీడు చేయు పదార్థములుగా మారును. అట్టి రంగుల వాడకమును మన ప్రభుత్వము 1997 లో నిషేధించినది.

కంటికి కనబడు రంగుతోబాటు కంటికి కనబడనివి కూడ ఆ నీటిలో కలవు. రియాక్టివు రంగు నూలునకు పట్టుటకై తొట్టిలో ఉప్పు వేయుదురు. రంగు ముదురును బట్టి లీటరు నీటికి 30 మొదలు 100 గ్రాముల వరకు ఉప్పు పడును. పిమ్మట రంగు నిలుచుటకై సోడా వేయుదురు. వ్యాటు రంగులకు కాస్టిక్ సోడా, హైడ్రోసు వాడుదురు. ఈ ఉప్పును, సోడాయు నూలుతో పోవు. అద్దకము ముగిసిన పిమ్మట ఇంచుమించు అంతయు నీటితోబాటు బయటికి వచ్చును.

ఊక రంగును ఎట్లు పట్టుకొనును?

బెల్లము వండువారు చెరకు రసము కాగునపుడు బెండ కాండపు జిగురు వేసి మడ్డిని పైకి తేల్చి తీసివేయుట మీరు చూచియే యుందురు. జిగురునకు మడ్డి అంటుకొని నీటినుండి విడివడును. బొగ్గు రంగును తీయుట వేరొక విధము. 1785 లో రష్యా దేశమున లోవిట్స్ అను రసాయనిక శాస్త్రవేత్త బొగ్గుపొడి కలిపిన ద్రావణములు రంగు కోల్పోవుట గమనించెను. పిమ్మట పంచదార మిల్లులవారు ఎముకల బొగ్గుతో చక్కెర పాకమును తెల్లబరచిరి. బొగ్గునందు కంటికి కనబడని సన్నని రంధ్రములు లెక్కకు మిక్కిలిగా ఉండును. రంగు కణములు ఆ రంధ్రముల గోడలకు అంటుకొని నిలిచిపోవును. కర్మాగారములో తయారైన మంచి ఉత్తేజిత బొగ్గు ఒక గ్రాములో ఈ గోడల వైశాల్యము 500 చదరపు మీటర్లకు మించియుండును. మనము ఇంటివద్ద చేయు ఊక బొగ్గునకు అంత శక్తి లేదు. కాని ఊక చవుక గనుక ఎక్కువ వాడి ఆ లోటును కొంత పూరించుకొనవచ్చును.

పచ్చి ఊక, రంపపు పొట్టు, బత్తాయి తొక్కలు, అరటి బోదె కూడ కొన్ని రంగులను పట్టును. వీని ఉపరితలము నీటిలో ఋణ విద్యుత్తు కలిగియుండును. ధన విద్యుత్తు కల బేసికు రంగులు, అనగా మిథిలీన్ నీలము, మాలకైటు ఆకుపచ్చ వంటివి, వీనికి తేలికగా అంటుకొనును. నూలునకు వాడు డైరెక్టు, రియాక్టివు రంగులు ఋణ విద్యుత్తు కలవి. రెండును ఒకే జాతి అగుటచే ఒకదాని నొకటి త్రోసివేయును. కాబట్టి పచ్చి ఊకలో పోసిన నూలు రంగు నీరు తేరుకొననిచో ఆశ్చర్యపడనక్కరలేదు. అట్టి రంగులకు బొగ్గు మేలు. అంతకుముందు పటికగాని, మునగ గింజల ద్రావణముగాని వాడినచో ఇంకను మేలు.

ఊక బొగ్గు చేయు విధము

ఊకను గాలి ధారాళముగా తగులునట్లు కాల్చినచో తెల్లని బూడిద మిగులును. అందులో అధిక భాగము ఇసుక జాతి సిలికాయే. మనకు కావలసినది బూడిద కాదు, నల్లని బొగ్గు. అందుకై ఈ క్రింది విధమున చేయవలెను.

1. పాత డబ్బా రేకుతో ఒక గొట్టము చేసి, దాని అడుగు భాగమున చుట్టును రంధ్రములు పొడువవలెను.

2. నేలపై చితుకులతో చిన్న మంట చేసి, దానిపై గొట్టమును నిలువుగా పెట్టి, చుట్టును పొడి ఊకను గుట్టగా పోయవలెను.

3. లోపలి వేడికి ఊక నెమ్మదిగా నల్లబడుచు బయటి వైపునకు వచ్చును. నల్లని మచ్చలు పైకి కనబడిన చోట బయటి ఊకను దానిపైకి ఎగదోయుచుండవలెను.

4. గుట్ట యంతయు నల్లబడగానే నీరు చల్లి పూర్తిగా ఆర్పివేయవలెను. ఆలస్యము చేసినచో బొగ్గు బూడిదగును. లోపల నిప్పు మిగిలినచో రాత్రివేళ రాజుకొనును. కావున కలియబెట్టి మరల తడుపవలెను.

5. బొగ్గును రెండు మూడు నీళ్లలో కడిగి, ఎండబెట్టి, జల్లించి, బొంబాయి రవ్వంత సైజుగల దానిని వాడవలెను. మరీ మెత్తని పొడి వడపోతను మూసివేయును.

100 కిలోల ఊకకు సుమారు మూడింట ఒక వంతు బొగ్గు దిగును. ఈ పనిని గడ్డివాములకు, ఇండ్లకు దూరముగా, గాలి తక్కువగా నున్నపుడు చేయవలెను. పచ్చి ఊకను, కొబ్బరి పీచు పొట్టును వాడదలచిన వారు ముందుగా వేడి నీటిలో రెండుసార్లు కడిగి ఆరబెట్టవలెను. లేనిచో వానిలోని గోధుమ రంగు పసరు నీటిలోనికి దిగి, ఒక రంగును తీయబోయి వేరొకదానిని చేర్చినట్లగును.

మునగ గింజల ఉపయోగము

మునగ గింజలలో నీటిలో కరగు మాంసకృత్తు ఒకటి కలదు. దానికి ధన విద్యుత్తు ఉండుటచే డైరెక్టు, రియాక్టివు రంగుల కణములను దగ్గరకు చేర్చి అడుగునకు దింపును. ముదిరి ఎండిన కాయల గింజలను తీసి, పైపొట్టు తొలగించి, లోని తెల్లని పప్పును పొడి చేయవలెను. ఆ పొడిని కొద్ది నీటిలో బాగుగా కలిపి, గుడ్డతో వడగట్టి, రంగు నీటిలో పోయవలెను. మొదట ఒక నిమిషము వేగముగాను, పిమ్మట అయిదు నిమిషములు మెల్లగాను కలిపి, ఒకటి రెండు గంటలు కదపక ఉంచవలెను. నూనె తీసిన మునగ పిండి కూడ పనికివచ్చును. ఈ ద్రావణము నిలువయున్నచో చెడును గనుక ఏ రోజుకు ఆ రోజే చేసికొనవలెను. మునగ గింజలు దొరకని చోట పటికను, సున్నముతో కూడిన అన్నభేదిని వాడవచ్చును.

వ్యాటు రంగుల తొట్టి విషయములో ఇంకొక సులువు కలదు. మిగిలిన ద్రావణమును వెడల్పు తొట్టిలో పోసి, గాలి తగులునట్లు చాలాసేపు కలియబెట్టినచో రంగు కరుగని పొడిగా మారి అడుగునకు దిగును. దానిని ఇసుకపై వడగట్టవచ్చును.

ఎంత వాడవలెను? – సీసాల పరీక్ష

ఏ రంగునకు ఎంత బొగ్గు కావలెనో ముందుగా చెప్పుట సాధ్యము కాదు. దానిని మీరే తేల్చుకొనవచ్చును. ఒకే విధమైన తెల్ల సీసాలు అయిదు తీసికొని, ఒక్కొక్కదానిలో లీటరు రంగు నీరు పోయవలెను. మొదటిదానిలో ఏమియు వేయరాదు. మిగిలిన నాలుగింటిలో వరుసగా 5, 10, 20, 40 గ్రాముల బొగ్గు వేసి, గంటసేపు అప్పుడప్పుడు కుదుపుచుండవలెను. తేరిన పిమ్మట తెల్ల కాగితము వెనుక పెట్టి పోల్చి చూడవలెను. రంగు చాలినంత తగ్గిన సీసాలలో తక్కువ బొగ్గు వేసినది ఏదో గుర్తింపవలెను. అది 10 గ్రాముల సీసా అయినచో వెయ్యి లీటర్లకు 10 కిలోలు కావలెనని లెక్క.

ఇచట ఒక కిటుకు కలదు. ఆ 10 కిలోలను ఒకేసారి వేయుటకంటె, 5 కిలోలు వేసి, తేర్చి, ఆ నీటిని వేరు తొట్టిలోనికి తీసి, మిగిలిన 5 కిలోలు వేసినచో రంగు ఎక్కువగా పోవును. పొలమున ఎరువును విడతలుగా వేసిన మేలు వంటిదే ఇదియును.

రోజూ అద్దకము జరుగు చోట రెండు పీపాలు అమర్చుకొనుట మంచిది. 200 లీటర్ల పీపా అడుగున గులకరాళ్లు, వానిపై ముతక ఇసుక, ఆపైన మూడు వంతుల వరకు ఊక బొగ్గు నింపి, పైన గోనెపట్ట పరచి గులకరాళ్లు పెట్టవలెను. మడ్డి దిగిన నీటినే ఇందులోనికి విడువవలెను. నీరు బొగ్గుతో అరగంటకు తక్కువ కాకుండ ఉండునట్లు కుళాయిని సన్నగా త్రిప్పవలెను. మొదటి పీపానుండి వచ్చు నీరు రెండవ పీపాలోనికి పోవలెను. మొదటి పీపా నీటిలో రంగు బాగుగా కనబడినపుడు దానిలోని బొగ్గు తీసివేసి, రెండవ పీపాను మొదటి స్థానమునకు తెచ్చి, క్రొత్త బొగ్గు నింపిన పీపాను రెండవ స్థానమున పెట్టవలెను. ఇట్లు చేసినచో బొగ్గు వృథాకాదు.

తేట నీరు వేరు, పొలమునకు పనికివచ్చు నీరు వేరు

ఇప్పుడు ముఖ్య విషయమునకు వత్తము. ఊకయు, బొగ్గును, మునగ గింజలును రంగును తీయును. కరిగియున్న ఉప్పును మాత్రము తీయజాలవు. పీపానుండి ఎంత తేటగా వచ్చినను ఆ నీటిలో ఉప్పు వేసినంతయు ఉండును.

ఒక లెక్క చూడుడు. 100 లీటర్ల తొట్టిలో లీటరునకు 50 గ్రాముల చొప్పున ఉప్పు వేసినచో 5 కిలోలగును. రోజుకు రెండు తొట్లు, సంవత్సరములో 200 దినములు అద్దినచో 2,000 కిలోలగును. అనగా 50 కిలోల బస్తాలు 40. ఇది ఒక్క ఇంటినుండి వచ్చునది. ఇక పొలమువైపు లెక్క చూడుడు. ఎకరమునకు 5 సెంటీమీటర్ల తడి ఇచ్చుటకు సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావలెను. ఆ నీటిలో లీటరునకు 2 గ్రాముల ఉప్పు ఉన్నచో ఒక్క తడితోనే 400 కిలోల ఉప్పు పొలమున పడును. నీరు ఆవిరియై పోవును, ఉప్పు నిలిచిపోవును.

ఉప్పు నీటిలో వేరు నీటిని పీల్చుకొనజాలదు. తడి యున్నను పైరు వాడును. సోడియము ఎక్కువైనచో నల్లరేగడి మెదిగి, రంధ్రములు మూసికొని, నీరు ఇంకదు. సోడా కలిసిన నీరు కాలక్రమమున నేలను కారుచౌడు చేయును. చిక్కుడు జాతి పైరులు ముందుగా దెబ్బతినును. ప్రత్తి కొంత ఓర్చుకొనును. వరి నారు లేతగా నున్నపుడు ఓర్వదు.

ఇది ఊహించి చెప్పు మాట కాదు. తమిళనాడులో తిరుప్పూరు దిగువన నొయ్యల్ నదిపై ఒరత్తుపాళయమువద్ద సేద్యమునకై నిర్మించిన ఆనకట్ట 1992 లో పూర్తి అయినది. ఎగువనున్న అద్దకపు కర్మాగారముల వ్యర్థజలము అందులో చేరి, ఆ జలాశయము రైతులకు అక్కరకు రాకపోయెను. దిగువ భూములు, బావులు చెడెను. ఉమ్మడిగా నెలకొల్పిన తొలినాటి శుద్ధి కేంద్రములు రంగును, మడ్డిని తగ్గించినను, కరిగిన ఉప్పును తీయజాలకపోయెను. రైతులు న్యాయస్థానమునకు వెళ్లిరి. తుదకు 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అచటి అద్దకపు, బ్లీచింగు కర్మాగారములను మూసివేయ నాజ్ఞాపించెను. రైతుకు నీరును, నేతగానికి పనియు రెండును పోయిన దినములవి. మన గ్రామములలో పని చిన్నది గనుక ఇప్పుడే జాగ్రత్తపడినచో రెండును నిలుచును.

ఉప్పు విషయమున చేయవలసినది

అద్దకపు ఇండ్లవారితో కలిసి కూర్చుండి, ఈ క్రింది పద్ధతులను ఒప్పించుకొనవలెను.

రంగు తొట్టి నీటిని, జాడించిన నీటిని ఎన్నడును కలుపరాదు. ఉప్పులో అధిక భాగము మొదటి తొట్టి నీటిలోనే యుండును. అది కొద్దిపాటిదే గనుక వేరుగా పట్టుట సులభము.

ఆ ఉప్పు నీటిని బొగ్గుతో తేర్చి, అదే రంగు మరల అద్దునపుడు వాడుకొనవచ్చును. క్రొత్తగా వేయు ఉప్పు ఆ మేరకు తగ్గును. మొదట కొద్ది నూలుపై అద్ది చూచి పిమ్మట వాడవలెను.

వాడుకొనగా మిగిలిన దానిని నీరింకకుండ గచ్చు చేసిన లోతులేని తొట్టిలో ఎండకు ఆవిరి చేయవలెను. మన వేసవి ఎండలు ఇందుకు బాగుగా తోడ్పడును. వానకాలములో దానిపై కప్పు ఉండవలెను.

జాడించిన నీటిని తేర్చి, మరుసటి అద్దకములో మొదటి జాడింపునకు వాడవలెను. దానిని పొలమునకు పెట్టదలచినచో పరీక్ష చేయించిన పిమ్మటనే పెట్టవలెను.

బావి నీటి పరీక్ష

మోటారును పది నిమిషములకు పైగా నడిపిన పిమ్మట, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు కడిగి, లీటరు నీరు పట్టి, పేరు, గ్రామము, సర్వే నంబరు వ్రాసిన చీటీ అంటించి, ఆలస్యము చేయక నేల, నీటి పరీక్షా కేంద్రమునకు గాని, కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని పంపవలెను. ఫలితములలో విద్యుద్వాహకత 0.7 డెసిసైమన్సుకు లోపల నున్నచో ఉప్పువలన భయము లేదు. 0.7 నుండి 3 వరకు ఉన్నచో పైరును, నేలను బట్టి జాగ్రత్తగా వాడవలెను. 3 దాటినచో చాల పైరులకు హాని చేయును. మిగులు సోడియం కార్బొనేటు 1.25 లోపల నుండుట మంచిది. 2.5 దాటిన నీరు సేద్యమునకు తగదు. వేసవిలో ఒకసారి, వానలు వెనుకబడిన పిమ్మట ఒకసారి పరీక్ష చేయించి, కాగితములు భద్రపరచవలెను. బావి ఏటేట ఎట్లు మారుచున్నదో తెలియుటకును, అధికారులకు చూపుటకును అవియే ఆధారము. నేల ఇదివరకే సోడియముచే చెడినచో పరీక్షానుసారము జిప్సము వేసి, మంచి నీటితో ఉప్పును క్రిందికి దింపవలెను.

వాడిన బొగ్గును ఏమి చేయవలెను?

రంగు పీల్చిన ఊకను, బొగ్గును పెంటకుప్పలో వేయరాదు. పొలమున చల్లరాదు. పశువుల క్రింద పరువరాదు. వేరుశనగ పొట్టు, బత్తాయి తొక్కలు వాడినచో పశువులు నోటబెట్టకుండ చూడవలెను. రంగు నాశనము కాలేదు, నీటినుండి ఊకకు మారినది, అంతే. బహిరంగముగా తగులబెట్టినచో పొగ కీడు చేయును. గుంటలో పూడ్చినచో వాన నీటితో మరల బావికే చేరును. అద్దకపు శుద్ధిలో మిగులు మడ్డిని చట్టము అపాయకరమైన వ్యర్థముగా ఎంచుచున్నది. కనుక వాడిన సరకును ఆరబెట్టి, సంచులలో కట్టి, గచ్చుపై కప్పు క్రింద ఉంచి, గ్రామములోని ఇండ్లవారందరు కలిసి కాలుష్య నియంత్రణ మండలివారి సలహా ప్రకారము పంపివేయవలెను.

ఊక బొగ్గు చవుకైనది, మేలైనది. దానిని తప్పక వాడుకొనుడు. కాని నీరు తేటపడినదని కాలువ గండి తీయకుడు. ముందు ఉప్పు తొట్టిని వేరుచేయించి, తరువాత రంగును తీయించి, తుదకు పరీక్ష కాగితము చూచియే నీటిని పొలమునకు పెట్టుడు.